కనుమ నాడు కాకి మునుగుతుందా, కదలదా?

పాలకొల్లు పాఠకుడు: ‘కనుమ నాడు కాకి కూడా...’ అన్న సామెతలో చివరి మాట తేలడం లేదు. మా అమ్మమ్మ ‘మునుగుతుంది’ అనేదని లీలగా గుర్తు. ఇప్పుడు తరచుగా ‘కదలదు’ అనే వింటున్నాను. ఏది పాత పాఠం?

ఛందోభిమాని: ‘మునుగు’ అన్నదే పాతదని నా నమ్మకం. కనుమ, మునుగు, మినుము మూడింటిలోనూ రెండో అక్షరం ‘ను’ కావడం కాకతాళీయం కాదు. ‘కనుమ నాడు మినుము కొరకాలి’ అన్న జంట సామెతను పక్కన పెట్టి చదవండి. పండుగ మాటను ప్రాసతో బిగించడం మనకు అలవాటే. అన్నమయ్య గొబ్బి పాటలో ‘కొండ గొడుగుగా’ అని ఎత్తుకుని ‘దుండగంపు దైత్యుల’ అని అందుకున్న తీరు ఎంత సొగసు!

కోనసీమవాసి: అన్నమయ్యను సాక్షిగా పిలిస్తే ఎదురు చెప్పడం కష్టమే గానీ, ‘కనుమ, కాకి, కదలదు’ అన్న మూడు కకారాలకు మీ లెక్కలో చోటు లేదా? అయితే కనుమ నాడు ప్రయాణం కూడదన్న ‘కదలదు’ అర్థం మాత్రం మా సీమలో చెల్లదు. కాకి కదలని ఆ రోజునే ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ళ శివులు, అలంకరించిన ప్రభలెక్కి, పచ్చని చేలను తొక్కుకుంటూ, కౌశిక ఏటిని దాటి జగ్గన్నతోటకు చేరుకుంటారు.

చెన్నపట్నం తెలుగు: కాకిని మీరందరూ అలంకారంగా చూస్తున్నారు. ఇక్కడ కనుమ నాడే వచ్చే మాట్టుప్పొంగలి ఉదయం ఆడవాళ్ళు ‘కను’ పేరుతో పసుపాకుల మీద రంగురంగుల అన్నపు ముద్దలను కాకులకూ పిచ్చుకలకూ పెట్టి, అన్నదమ్ముల క్షేమం కోరుకుని, ఆ తరువాతే తలంటుకుంటారు. కను, కనుమ, కాకి, స్నానం నాలుగూ ఒకేచోట కలవడం చూస్తే నేనూ ‘మునుగు’ పక్షమే.

ఛందోభిమాని: స్నానం ఆడవాళ్ళది, ముద్ద కాకిది, సామెతలో మునిగేది కాకి. నా పక్షమే అయినా ఈ ఆధారాన్ని ఒప్పుకోలేను.

ఓరుగల్లు చదువరి: సంక్రాంతి అంటే నోములు, సకినాలు, పతంగులు అనుకునే మా ఇంట్లో ఈ సామెత వినలేదు కాబట్టి తటస్థుడిని. ‘కదలదు’ మాత్రం అల్లుణ్ణి మరో పూట ఆపడానికి అత్తగారు కల్పించిన పాఠంలా ఉంది.

కోనసీమవాసి: అల్లుడి కోసమైతే అది మరీ పాత పాఠమే అయి ఉండాలి. ఉత్తరాంధ్ర వారెవరైనా మూడో క్రియ విన్నారా?