సర్టిఫికెట్లు పదకొండు ఉన్నాయి, మైనస్ మూడు మైనస్ అయిదు మాత్రం ఇంకా ప్లస్ ఎనిమిదే

ఆదోని లెక్కల సార్:

ఆదోని డివిజన్‌లో ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. సర్వీసు పద్నాలుగేళ్లు. మొన్న సెలవుల్లో బీరువా సర్దుతుంటే ట్రైనింగ్ సర్టిఫికెట్లన్నీ ఒక కవర్లో దొరికాయి. లెక్కపెడితే పదకొండు. నిష్ఠ అని కేంద్రం టీచర్లకు పెట్టిన ట్రైనింగువి, సబ్జెక్టు ట్రైనింగువి, డిజిటల్ క్లాస్‌రూమ్‌ది, యోగాది కూడా ఒకటి. మా ఆవిడ చూసి "ఇన్ని తెచ్చుకున్నావు, జీతమేమన్నా పెరుగుతుందా?" అంది. నా బాధ జీతం గురించి కాదు.

స్కూలు తెరిచాక 9వ తరగతిలో బహుపదులు మొదలుపెట్టాను. బోర్డు మీద −3x − 5x రాసి నోటు పుస్తకాల్లో చేయమన్నాను. రావాల్సింది −8x. 38 మందిలో 21 మంది +8x రాశారు. ఎందుకురా అంటే అందరిదీ ఒకటే మాట: "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్!" గుణకారం సూత్రాన్ని తెచ్చి కూడికలో పెడుతున్నారు. ఈ ఏడాదే కాదు, నేను చేరినప్పటి నుంచీ ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే తప్పు. ఆరో తరగతిలో పూర్ణసంఖ్యలు చెప్పేదీ నేనే, తొమ్మిదిలో ఆ తప్పు చూసి తల పట్టుకునేదీ నేనే.

ఈ పదకొండు ట్రైనింగుల్లో ఒక్కదాంట్లో కూడా ఈ తప్పు ప్రస్తావన రాలేదు. కర్నూల్లో జరిగిన ఒక మూడు రోజుల ట్రైనింగ్ బాగా గుర్తుంది. ప్రారంభోపన్యాసాలయ్యేసరికి పదకొండున్నర. తర్వాత చార్టులు, స్కెచ్ పెన్నులు ఇచ్చి జట్లుగా కూర్చోబెట్టారు. మా జట్టు పైథాగరస్ సిద్ధాంతం గీసింది. చప్పట్లు పడ్డాయి, ఫొటో తీశారు. మా పిల్లలకు పైథాగరస్ వచ్చు. రానిది మైనస్.

ఆన్‌లైన్ సంగతి కూడా దాచకుండా చెబుతా. 2021లో హైస్కూల్ టీచర్లకు దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలో నిష్ఠ 2.0 పెట్టినప్పుడు వీడియో నడుస్తుంటే పక్కన పేపర్లు దిద్దుకున్నాను. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో వచ్చేవి. నేనూ అవే నొక్కాను. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. గంటలంటే నిండిపోతాయి, దానికేం.

మీలో ఎవరికైనా ట్రైనింగ్ వల్ల క్లాసులో నిజంగా ఏదైనా మారిందా? మారితే ఏ పాఠంలో, ఏ అలవాటులో? "చాలా ఉపయోగపడింది" అని మాత్రం రాయొద్దు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో నేనూ అదే రాసి వచ్చాను.

ప్రొద్దుటూరు రిటైర్డ్ హెచ్ఎం:

నీ పైథాగరస్ చార్టు చదివి నవ్వుకున్నాను నాయనా. 2016లో రిటైరయ్యాను, కానీ ఆ చార్టులు నాకూ పరిచయమే. 90ల్లో బ్రిటిష్ వాళ్ల సాయంతో ప్రైమరీ స్కూళ్లకు ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) అని ఒకటి నడిచింది. నేను అప్పుడు సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఆరు సూత్రాలు చెప్పారు. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించాలన్నది అందులో ఒకటి. ఇంకేముంది, మండలమంతా దండేలు కట్టి కాగితాలు వేలాడదీశాం. ఏ కాగితం ఎందుకు వేలాడుతుందో అడిగినవాడు లేడు.

అందులోనే ఒక మేలు కూడా జరిగింది. టీచర్ సెంటర్ అని చుట్టుపక్కల స్కూళ్ల వాళ్లం ఒకచోట కలిసేవాళ్లం. మాలో ఒకరు పిల్లలకు నిజంగా పాఠం చెప్పాలి, మిగతావాళ్లు చివర కూర్చుని చూడాలి. నా వంతు వచ్చిన రోజు గొంతెండిపోయింది. అయిపోయాక ఒక పెద్దాయన "అంతా బాగుందప్పా, కిటికీ వైపు పిల్లల దిక్కు ఒక్కసారి కూడా చూడలేదు నువ్వు" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. రిటైరయ్యేదాకా నేను ఏ గదిలోకి పోయినా ముందు కిటికీ వైపే పోయేవాణ్ణి.

స్కూల్ కాంప్లెక్స్ అనే ఆలోచన కొఠారి విద్యా కమిషన్ ఇచ్చింది, 1964-66 నాటిది. పక్కపక్క స్కూళ్లు ఒకదానికొకటి చేయూతగా ఉండాలని. నా సర్వీసు చివరికొచ్చేసరికి ఆ మీటింగంటే సంతకం, సర్క్యులర్లు చదవడం, మధ్యాహ్నం భోజనం.

అందుకని నిన్నొకటి అడుగుతా. అధికారి కాకుండా, నీ తోటి టీచరు ఎవరైనా నీ క్లాసులో చివరి బెంచీలో కూర్చుని చూసి ఎన్నాళ్లయింది? ఇంకొకటి, నేను సోషల్ వాణ్ణి, లెక్కలు నాకు పెద్దగా తెలియవు, తప్పయితే మన్నించు. ఆ "మైనస్ మైనస్ ప్లస్" పాట పిల్లలకు నేర్పిందెవరు?

కళ్యాణదుర్గం ఇంగ్లిష్:

పెద్దసార్ చెప్పింది నిజమే గానీ, మా స్కూల్లో ఇంగ్లిష్‌కు నేనొక్కదాన్నే. ఒక లీజర్ పీరియడ్ దొరికితే అందులో ఎవరో సెలవు పెట్టిన క్లాసు చూసుకోవాలి. లేకపోతే ఏదో ఒక యాప్‌లో ఫొటో పెట్టాలి. నా క్లాసుకు వచ్చి కూర్చునేదెవరు?

అందుకని ఒకరోజు ఫోన్ టేబుల్ మీద పెట్టి నా పీరియడే రికార్డు చేసుకున్నా. వీడియో కాదు, గొంతు మాత్రమే. రాత్రి విన్నా. సిగ్గేసింది సార్. ప్రశ్న అడుగుతున్నా, ఊపిరి తీసేంతలో నేనే జవాబు చెప్పేస్తున్నా. నలభై నిమిషాల్లో పిల్లల గొంతు వినపడిందంటే అది "యెస్ మేడమ్" అన్నదే. క్లాసు బాగా జరిగిందనుకున్న రోజది!

తర్వాత చదివితే తెలిసింది, దీని మీద 1970ల్లోనే అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ పరిశోధన చేశారని. సైన్స్ క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది సగటున ఒక్క సెకనేనట. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. ఖర్చు లేదు, చార్టు లేదు. ఇప్పుడు నేను ప్రశ్న అడిగాక డస్టర్ గట్టిగా పట్టుకుని మనసులో మూడు లెక్కపెడతా. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించలేకపోయా. ఆ మూడు అంకెలు మూడు నిమిషాల్లా ఉండేవి.

రెండో వారంలో ఒక కథ చెబుతూ, ఆ అబ్బాయి ఇల్లెందుకు వదిలి వెళ్లాడని ఇంగ్లిష్‌లో అడిగా. మూడు లెక్కపెట్టా. చివరి వరుసలో ఒక పాప, జూన్ నుంచి నోరు తెరవనిది, "నో రెయిన్ మేడమ్" అంది. కథలో వాన సంగతే లేదు! పక్కపిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. మా దిక్కు ఇళ్లు వదిలి పోయేది దానికే కదా.

ట్రైనింగులన్నీ దండగ అని మాత్రం అనను. ఒకసారి అయిదు రోజుల దాంట్లో మాతోనే పాఠాలు చెప్పించి, అక్కడే మాట్లాడి, మర్నాడు అదే పాఠం మళ్లీ చెప్పించారు. ఆ రెండోసారి చెప్పించడమే నాకు పనికొచ్చింది.

నంద్యాల సైన్స్ సార్:

అందరూ మంచి మాటలు చెబుతున్నారు, ఒక చేదు మాట నేను చెబుతా. చివరి బెంచీలో మనిషి కూర్చున్నాడంటే మనకు తెలిసింది ఇన్‌స్పెక్షనే. చేతిలో ఫార్మాట్ లేకుండా వచ్చినవాళ్లను నేనైతే చూడలేదు. తోటి టీచరే వచ్చినా, మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఏమంటాడోనని టెన్షన్. ఆ భయం పోనంతవరకు జపాన్ లెసన్ స్టడీ గురించి మనకెంత చెప్పినా లాభం లేదు. అక్కడ నలుగురు టీచర్లు కలిసి పాఠం తయారుచేసుకుంటారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లలను గమనిస్తారు. పాఠం నలుగురిదీ కాబట్టి తప్పు కూడా ఒక్కడి మీద పడదు.

దానికి తోడు 2025 సెప్టెంబర్‌లో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) మీద సుప్రీంకోర్టు తీర్పు. ఎనిమిదో తరగతి వరకు చెప్పేవాళ్లు, రిటైర్మెంట్‌కు అయిదేళ్లకు మించి ఉంటే, రెండేళ్లలో టెట్ పాస్ కావాలని. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన సార్లు లీజర్‌లో సైకాలజీ బిట్లు బట్టీ పడుతున్నారు. ఇదీ ఇప్పుడు మా ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్.

ఆదోని లెక్కల సార్:

మూడు వారాలకు మళ్లీ వస్తున్నా. పెద్దసార్ ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు. మా హిందీ మేడమ్‌ను బతిమాలి ఆరో తరగతిలో ఒక పీరియడ్ కూర్చోమన్నా. "నాకు లెక్కలంటేనే భయం సార్" అంటే, అందుకే రమ్మన్నాను మేడమ్ అన్నా. చివర్లో ఆవిడ కాగితం ఇచ్చింది. అందులో తొమ్మిది గీతలు. "మీరు మైనస్ మైనస్ ప్లస్ అని తొమ్మిదిసార్లు అన్నారు సార్. ఏది కలిపేటప్పుడో ఏది గుణించేటప్పుడో నాకూ తెలియలేదు."

పాట నేర్పింది నేనే పెద్దసార్.

ఆ మాట మానేశా. నోరు అలవాటుపడింది కదా, ఇంకా రోజుకొకసారి జారుతోంది. తొమ్మిదో తరగతిలో గుర్తులు పక్కన పెట్టి అప్పుతో మొదలుపెట్టా. మా ఊరి కుటుంబాలు మిరప కోతకు గుంటూరు వైపు పోయే ముందు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంటాయి. పిల్లలకు అంతకంటే తెలిసిన లెక్క ఇంకోటి లేదు. "మూడు వేలు అప్పుంది, ఇంకో అయిదు వేలు తీసుకుంటిమి, మొత్తమెంత?" "ఎనిమిది వేలు అప్పు సార్." క్లాసంతా ఒక్క గొంతు. ఉన్నట్టుండి ఎనిమిది వేలు చేతికెట్లా వచ్చాయిరా మరి అని మొదటి నోటు పుస్తకం తెరిపించా. వాళ్లే కొట్టేసుకున్నారు.

మర్నాడు పరీక్ష పెడితే తప్పు రాసినవాళ్లు 21 నుంచి 7కు దిగారు. వారం తర్వాత చెప్పకుండా మళ్లీ పెడితే 12. అంటే కొంత నిలబడింది, కొంత జారిపోయింది.

ఇప్పుడు కొత్త తిప్పలు. −3 − (−5) కోసం "అప్పు తీసేయడమంటే మాఫీ" అన్నా. ముందు వరుసలో ఒకడు లేచి, "మూడు వేలే అప్పుంటే అయిదు వేలు ఎట్లా మాఫీ చేస్తారు సార్?" అన్నాడు. మూడు సెకన్లు కాదు మేడమ్, నేను ముప్పై సెకన్లు ఆగా. లెక్కల వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

రాయచోటి మ్యాథ్స్:

అన్నా, చింతపిక్కలు తీసుకో. ఒక వైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చెయ్. నలుపు అప్పు, తెలుపు చేతిలో డబ్బు. ఒక నలుపు ఒక తెలుపు పక్కపక్కన పెడితే సున్నా, ఇది ముందు బాగా ఆడించు. ఇప్పుడు మూడు నల్లవి పెట్టు. అందులోంచి అయిదు నల్లవి తీయాలి, లేవు. సున్నా జతలు రెండు తెచ్చి పక్కన పెడితే విలువ మారదు, కానీ నల్లవి అయిదవుతాయి. ఆ అయిదూ తీసెయ్. రెండు తెల్లవి మిగులుతాయి. నీ పిల్లవాడు అడిగింది న్యాయమైన ప్రశ్న, మాఫీ కథ అక్కడ ఆగిపోతుంది. వాడికి ఆ మాట కూడా చెప్పు.

ఆదోని లెక్కల సార్:

అరగదీసే పని ఆ ముందు వరుస వాడికే ఇచ్చా తమ్ముడూ. సోమవారానికి వంద పిక్కలు తెస్తానన్నాడు. హిందీ మేడమ్ మళ్లీ వస్తానంది, ఈసారి పిలవకుండానే.