బీపీఓ రంగం పాత్రను దేనితో కొలవాలి?

ప్రశ్న – ఎం.ఏ. విద్యార్థిని

నమస్కారం. విదేశీ సంస్థల బిల్లింగ్, ఖాతాల నిర్వహణ, కస్టమర్ల కాల్స్ వంటి పనులను మన దేశంలో చేసిపెట్టే ఔట్‌సోర్సింగ్ (బీపీఓ) రంగంపై నేను సెమినార్ పత్రం రాయాలి. నాలుగైదు నగరాలకు తప్ప దీనివల్ల దేశానికి ఒరిగిందేమీ లేదని మా తరగతిలో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. జాతీయ స్థాయిలో ఈ రంగం పాత్రను దేనితో కొలవాలో పెద్దలు చెప్పగలరా?

జవాబు – విశ్రాంత బ్యాంకు అధికారి

అమ్మా, ముందుగా విదేశీ చెల్లింపుల లెక్క చూడండి. 2023–24లో మన సరుకుల ఎగుమతులు దాదాపు 437 బిలియన్ డాలర్లు కాగా, దిగుమతులు 678 బిలియన్ల దాకా ఉన్నాయి. చమురు, బంగారం, ఎలక్ట్రానిక్స్ వంటివి కొనడంవల్ల ఏర్పడిన ఆ లోటులో సుమారు మూడింట రెండు వంతులను సేవల వ్యాపారంలోని మిగులే పూడ్చింది. ఆ మిగులులో సింహభాగం సాఫ్ట్‌వేర్, వ్యాపార సేవలదే. 1991లో బంగారం కుదువపెట్టి డాలర్లు తెచ్చుకున్న దేశానికి ఇది చిన్న మార్పు కాదు. నగరాల్లో సంపాదించిన ఆ డాలర్లే పల్లెలో ట్రాక్టరుకు పోసే డీజిల్‌కూ అక్కరకొస్తున్నాయని మీ మిత్రులకు చెప్పండి.

జవాబు – మెడికల్ కోడర్, హైదరాబాద్

బ్యాంకు అధికారి గారి మాటకు మా పని నుంచి ఒక ఉదాహరణ చేరుస్తాను. అమెరికాలో వైద్యుడు రాసిన చార్టు చదివి మేము సరైన కోడ్ వేస్తేనే అక్కడి బీమా సంస్థ బిల్లు చెల్లిస్తుంది. టైప్-2 మధుమేహానికి వేరే చిక్కులేవీ లేకపోతే E11.9 అనే కోడ్ వేస్తాము; దానివల్ల మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే E11.2తో మొదలయ్యే కోడ్ వేయాలి. 2015 అక్టోబరు 1న ఆ దేశం రోగాల కోడ్‌ల కొత్త పట్టిక ఐసీడీ-10కు మారినప్పుడు, అంతవరకు 14 వేల చిల్లరగా ఉన్న రోగ నిర్ధారణ కోడ్‌లు దాదాపు 68 వేలకు పెరిగాయి. బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివి జిల్లాల నుంచి వచ్చి అమీర్‌పేటలో శిక్షణ పొందిన పిల్లలు మా బృందంలో ఎందరో ఉన్నారు. వారి జీతంలో కొంత ప్రతి నెలా ఊరికి, తమ్ముళ్ల చదువుకు, పొలం అప్పుకు వెళుతోంది.

జవాబు – అర్థశాస్త్ర అధ్యాపకుడు

పై ఇద్దరి మాటా నిజమే కాని, ఉపాధి లెక్కను దాటవేయకూడదు. ఐటీని కూడా కలుపుకొని 2023–24లో ఈ రంగంలో ఉన్నవారు సుమారు 54 లక్షలు. 50 కోట్లకు పైబడిన మన శ్రామికుల్లో అది ఒక శాతం మాత్రమే. డిగ్రీ, ఇంగ్లిషు లేనివారికి ఇందులో నేరుగా చోటు లేదు. పైగా సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల (ఎస్టీపీఐ) పథకం కింద ఎగుమతి లాభాలపై ఇచ్చిన పన్ను మినహాయింపు 2011 మార్చి వరకు కొనసాగింది కనుక, ఖజానాకు ప్రత్యక్షంగా చేరింది కూడా చాలాకాలం తక్కువే. ఫోన్‌లో మాట్లాడే పనిలో ఎంతో భాగం 2010 నాటికే ఫిలిప్పీన్స్‌కు తరలిపోయిందని కూడా గుర్తుంచుకోవాలి. అందువల్ల ఎంత ఆదాయం వచ్చిందన్నదానికంటే, ఒక్కో ఉద్యోగి ఎంత విలువ చేర్చాడు, ఆ పని ఎంత సులువుగా మరో దేశానికి తరలిపోగలదు అన్నవే నా దృష్టిలో అసలు కొలమానాలు. సాఫ్ట్‌వేర్ ఎగుమతులపై రిజర్వు బ్యాంకు జరిపే వార్షిక సర్వేలో బీపీఓ సేవలను విడిగా చూపుతారు. మీ పత్రాన్ని ఆ పట్టికలతో మొదలుపెట్టండి.