హాస్టల్‌లో చేరే పిల్లలకు తక్కువ ఖర్చులో ఏవి కొనాలి, ఏవి ఇంటి నుంచి పంపాలి?

కోనసీమ గృహిణి:
మాది అమలాపురానికి దగ్గరలోని ఒక పల్లె. మా అమ్మాయికి కాకినాడలోని విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. పది రోజుల్లో హాస్టల్‌లో చేర్చాలి. ఫీజులు, మెస్సు డిపాజిట్టు కట్టిన తరువాత సామాను కోసం మా చేతిలో మిగిలేది అయిదు వేల రూపాయలు. తెలిసినవారొకరు పంపిన జాబితాలో నలభైకి పైగా వస్తువులున్నాయి. అవన్నీ కొంటే డబ్బు సంగతి అటుంచి, మోయడానికే మనిషిని పెట్టుకోవాలి. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు కనుక ముమ్మిడివరం, యానాం మీదుగా బస్సులోనే వెళ్లాలి. పిల్లలను ఇదివరకే పంపిన తల్లిదండ్రులూ, హాస్టళ్లలో చదువుకున్నవారూ నిజంగా అక్కరకు వచ్చినవి ఏవో, కొని మూల పడేసినవి ఏవో తెలియజేస్తే మేలు చేసినవారవుతారు.

గూడెం పూర్వ విద్యార్థి:
అమ్మా, గది చూడకముందు పరుపు మాత్రం కొనకండి. నేను తాడేపల్లిగూడెంలో చేరినప్పుడు మా నాన్నగారు మూడున్నర అడుగుల వెడల్పున్న పరుపు కొని, ఆటో మీద కట్టించుకుని తీసుకువచ్చారు. గదిలోని మంచం చూస్తే రెండున్నర అడుగులే ఉంది. అడుగు మేర పరుపు అంచు దాటి వేలాడుతూ ఉండేది. నిద్రలో అటు ఒత్తిగిలితే నేలమీదకు జారేవాణ్ణి. రెండేళ్లు దాంతోనే గడిపాను.

మంచం, బల్ల, కుర్చీ, అలమర, వీటిలో ఏవి హాస్టల్ వారు ఇస్తారో ఫోను చేసి అడగండి. మొదటి రాత్రికి చాప, దుప్పటి, దిండు, దోమతెర, తాళంకప్ప ఉంటే చాలు. బకెట్టు, మగ్గు, చీపురు వంటివి ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒకే ధరకు దొరుకుతాయి; వాటికోసం బస్సులో చోటు వెతుక్కోవడం దండగ.

మండపేట నాన్న:
పరుపు అసలు కొనవలసిన అవసరమే లేకపోవచ్చు. చాలా ఇళ్లలో అటకమీదో మంచం కిందో గడ్డకట్టిపోయిన పాత దూది పరుపు ఒకటి పడి ఉంటుంది. మా అబ్బాయిని పంపేటప్పుడు అటువంటిదాన్ని విప్పించి, దూది ఏకించి, హాస్టల్ మంచం కొలతకు కొత్త గుడ్డతో కుట్టించాము. మాది జంట మంచం పరుపు కావడం వల్ల, చిన్న పరుపుకు సరిపోగా మిగిలిన దూదితో రెండు దిండ్లు కూడా వచ్చాయి. గుడ్డకూ కూలికీ కలిపి 750 రూపాయలయింది. కొత్త పరుపుకు దుకాణంలో మూడు వేలు చెప్పారు. దాని మీద మా అమ్మగారు పాత చీరలతో కుట్టిన బొంత పరిచాము. ఆ బొంతను చలికాలంలో కప్పుకోవడానికి వాడుకున్నాడట.

ఏటిగట్టు:
మండపేట పెద్దాయన చెప్పిన పద్ధతి వేసవికి బాగుంటుంది. తరగతులు మొదలయ్యేది వానాకాలంలో. దూది చెమ్మను పీల్చుకుంటుంది, దానికి అప్పుడప్పుడూ ఎండ చూపించాలి. మన వైపు ముసురు పట్టిందంటే నాలుగైదు రోజులు ఎండ మొహం కనబడదు. ఒకవేళ ఎండ కాసినా, పరుపును డాబా మీదకు మోసుకెళ్లి మళ్లీ సాయంత్రం దింపుకునే ఓపిక ఆ వయసు పిల్లలకు ఉండదు. కింది అంతస్తు గదిలో ఉన్న నా దూది పరుపుకు దీపావళి నాటికి అడుగున నల్లగా బూజు పట్టింది. కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి తయారుచేసే పరుపులో గాలి ఆడుతుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. గట్టిగా ఉంటుందన్న మాట నిజమే, మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. రెండంగుళాల మందం ఉన్న పీచు పరుపు 1,900 రూపాయలకు కొన్నాను; చదువు పూర్తయ్యాక దాన్ని మా తమ్ముడు తీసుకున్నాడు.

మండపేట నాన్న:
మా అబ్బాయి గది రెండో అంతస్తులో ఉండేది, అందుకే ఆ ఇబ్బంది మాకు తెలియలేదు. కింది గది ఇస్తే ఏటిగట్టు గారి మాటే వినండి. దూది పరుపే వేయదలిస్తే కింద తుంగచాప పరవండి. కొందరు పాత ఫ్లెక్సీ పరుస్తారు గాని, చెమ్మ పోయే దారి లేక అది మరింత చెరుపు చేస్తుంది.

మాజీ వార్డెను:
కొన్నేళ్లు హాస్టల్ బాధ్యత చూసినవాణ్ణిగా కరెంటు సామాను గురించి చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. నీళ్లు కాగబెట్టే రాడ్డు, ఇండక్షను పొయ్యి, ఇస్త్రీ పెట్టె వంటివి గదుల్లో చాలా హాస్టళ్లు అనుమతించవు. తనిఖీలో దొరికితే తీసుకుపోతారు, కొన్నిచోట్ల జరిమానా కూడా వేస్తారు. ఇందులో కారణం లేకపోలేదు. గోడకుండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకు మాత్రమే చేసినది. 1,500 వాట్ల కెటిల్ మన 230 వోల్టుల కరెంటు మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ల్యాప్‌టాపు, ఫ్యాను, రెండు ఫోన్లు తగిలిస్తే తీగ వేడెక్కి పై తొడుగు కరిగిపోవచ్చు. అటువంటి బాక్సు ఒకదాన్ని నేను స్వయంగా గోడ నుంచి ఊడదీశాను. కాబట్టి కెటిల్ మానండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి. అక్కడ నూరు రూపాయలు మిగుల్చుకోవాలని చూడకండి.

తాళంకప్పలు రెండు కావాలి, ఒకటి అలమరకు, ఒకటి పెట్టెకు. మూడో చెవి ఉంటే మీ దగ్గర పెట్టుకోండి. పళ్లెం, గ్లాసు, బకెట్టు మీద పెయింటుతో పేరు రాయించండి. దొంగతనాలని కాదు, అందరివీ ఒకే రంగువి కావడం వల్ల తారుమారవుతాయి.

దోమతెర విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నాలుగు మూలలా తాడుతో కట్టే తెర చౌకే, కాని గోడకు మేకులు కొట్టనివ్వరు, హాస్టల్ మంచాలకు కర్రలుండవు. తనంతట తాను గొడుగులా నిలబడే మడత తెర తీసుకోవడం మంచిది. డెంగీ దోమ కుట్టేది పగలు కనుక మధ్యాహ్నం పడుకున్నా తెర దింపుకోమని చెప్పండి.

లంక గ్రామం:
2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు మా ఊరి నుంచి పడవలో గట్టుకు చేరి, అక్కడి నుంచి బస్సెక్కి పరీక్షలకు వెళ్లాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: అమ్మాయి కాగితాలు అట్టపెట్టె ఫైలులో కాకుండా జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, అలాట్‌మెంటు కాగితం, వీటి జిరాక్సులు మూడు జతలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒక డజను ఊళ్లోనే తీయించుకోండి. చేరే రోజున కాలేజీ ఎదుట జిరాక్సు దుకాణాల దగ్గర వరుస ఎంత పొడవుంటుందో చూసినవారికే తెలుస్తుంది. ఈ సంచి అమ్మాయి ఒడిలోనే ఉండాలి, బస్సు డిక్కీలో కాదు.

కోనసీమ గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. బట్టల సంగతి కూడా చెప్పగలరా? ఎన్ని జతలు పంపాలో తేల్చుకోలేకపోతున్నాను.

భీమవరం అక్క:
చెల్లెమ్మా, మా ఇద్దరు అమ్మాయిలూ హాస్టళ్లలోనే చదివారు. పెద్దదానికి పద్నాలుగు జతలు సర్దాను. అలమరలో ఊపిరాడక సగం బట్టలు ముక్కవాసన పట్టాయి. చిన్నదానికి ఏడు జతలే పంపాను, ఏమీ తక్కువ కాలేదు. జతల సంఖ్య కన్నా గుడ్డ చూసుకోవాలి. జీన్సు ముసురులో మూడు రోజులకు గాని ఆరదు, ఒకటి చాలు. దళసరి టర్కీ తువ్వాలుకు బదులు పలుచని చేనేత తువ్వాళ్లు రెండు ఇవ్వండి, అవి ఫ్యాను గాలికి రాత్రికి రాత్రే ఆరిపోతాయి. నైలాను తాడు, డజను క్లిప్పులు, నాలుగైదు హ్యాంగర్లు తప్పనిసరి. అలమర మూలల్లో కలరా ఉండలు వేయండి, కాని లోదుస్తుల మధ్య వద్దు.

రోజూ వేసుకునే చుడీదార్లు కొత్తవి కుట్టించాలనుకుంటే రాజమహేంద్రవరం తాడితోటలోని మహాత్మాగాంధీ వస్త్ర మార్కెట్టులో గుడ్డ చౌక. ఒక్క పిల్ల కోసం అంత దూరం వెళ్తే మిగిలినది బస్సు చార్జీలకే పోతుంది. ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే గిట్టుబాటవుతుంది. శానిటరీ ప్యాడ్లు, జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, సూది దారం ఒక చిన్న డబ్బాలో పెట్టి ఇవ్వండి.

బకెట్టు గురించి గూడెం అబ్బాయితో నేను ఏకీభవించను. ఇంట్లో ఉన్న బకెట్టునే తీసుకెళ్లండి. అందులో చెప్పులు, సబ్బులు, పళ్లెం, గ్లాసు, పొడుల సీసాలు సర్ది పైన గుడ్డ కట్టేస్తే అదే ఒక సంచి అవుతుంది.

రెండో ఏడాది:
నేను ప్రస్తుతం ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆంటీ, పుస్తకాలు, డ్రాఫ్టరు (ఇంజనీరింగు డ్రాయింగు గీసే సాధనం), ల్యాబ్ కోటు కొత్తవి కొనవద్దు. డ్రాఫ్టరు పని మాకు మొదటి ఏడాదితోనే ముగిసిపోయింది, ఆ తరువాత దాన్ని ఎవరికి అమ్మాలా అని చూస్తూ ఉంటాము. కొన్నిచోట్ల డ్రాయింగును ఇప్పుడు కంప్యూటరు మీదే నేర్పుతున్నారు కనుక చేత్తో గీయవలసి ఉందో లేదో ముందు కనుక్కోమనండి. కాలిక్యులేటరుకు కూడా తొందర వద్దు. పరీక్షలో ఏ రకాన్ని అనుమతిస్తారో తెలిశాక కొనవచ్చు. నేను ముందే కొన్నది పరీక్ష గదిలోకి రానివ్వలేదు. పుస్తకాలు లైబ్రరీలో దొరుకుతాయి, కాని మొదటి వారంలోనే తీసుకోవాలి.

కోనసీమ గృహిణి:
నిన్న అమ్మాయిని చేర్చి వచ్చాము. హాస్టల్ కార్యాలయానికి ఫోను చేస్తే గది మొదటి అంతస్తులోనని, మంచం ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పని చెప్పారు. అందువల్ల ధైర్యం చేసి ఇంట్లోని పాత పరుపునే ఏకించి కుట్టించాము. దానికి 800, మడత దోమతెరకు 400, తాళంకప్పలకు 240, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 350, గొడుగుకు 250, తాడు, క్లిప్పులు, హ్యాంగర్లకు 130 అయ్యాయి. డ్రాఫ్టరును ఒక సీనియరు అమ్మాయి 200కు ఇచ్చింది. మొత్తం 2,370 రూపాయలు. మిగిలినది అమ్మాయి ఖాతాలోనే ఉంచాము.

పొరపాటు ఒకటి జరిగింది. ఆవకాయ సీసా బట్టల సంచిలో పెట్టాను. యానాం వంతెన దాటేసరికి నూనె కారి రెండు దుప్పట్లు ఎర్రబడ్డాయి. దసరా సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు మళ్లీ పంపాలి. మీరంతా ఎలా పంపుతున్నారు?

భీమవరం అక్క:
పైకి తేలిన నూనెను వేరే చిన్న సీసాలోకి వంచేసి, ఆవకాయ ముక్కలను గరిటెతో అదిమి నింపండి. సీసా మూతికి పాలిథీను కాగితం వేసి రబ్బరు బ్యాండు బిగించి, ఆ పైన మూత పెట్టండి. సంచిలో పడుకోబెట్టకుండా బకెట్టులో నిలబెట్టి, చుట్టూ పాత తువ్వాలు కూరండి. రెండు వారాలకు సరిపడా మాత్రమే పంపండి. తడి గరిటె పెట్టే పిల్లల దగ్గర ఎక్కువ ఇస్తే బూజు పడుతుంది. దుప్పట్ల మరకలకు ముందు పొడి శెనగపిండి చల్లి గంటసేపు ఉంచి, దులిపి, తరువాత కుంకుడురసంతో ఉతకమనండి. నూనె వదులుతుంది, పసుపు చాయ మాత్రం ఎండ కాసే రోజు దాకా ఉంటుంది.