నష్టాల్లో ఉన్న టెక్ కంపెనీల పగ్గాలు మహిళలకు: అవకాశమా, ఇరకాటమా?

ప్రశ్న:
2009లో కరోల్ బార్ట్జ్, 2012లో మరిస్సా మేయర్ పగ్గాలు చేపట్టేనాటికే యాహూ సెర్చ్ వ్యాపారంలో గూగుల్ చేతిలో ఓడిపోయి ఉంది. హెచ్‌పీ బోర్డు కూడా 2011లో లియో అపోతేకర్‌ను ఏడాది తిరగకముందే తప్పించి, ఆ తరువాతే మెగ్ విట్‌మన్‌ను పిలిచింది. చేతులు కాలాకనే బోర్డులకు మహిళలు గుర్తుకు రావడం కాకతాళీయమేనా?

మొదటి జవాబు:
ఈ ధోరణికి ‘గ్లాస్ క్లిఫ్’ అనే పేరుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మిషెల్ రయన్, అలెక్స్ హాస్లమ్ 2005లో బ్రిటన్‌లోని వంద పెద్ద కంపెనీలను పరిశీలించి, మార్కెట్ పడిపోతున్న కాలంలో మహిళలను బోర్డులోకి తీసుకున్న కంపెనీల షేర్లు ఆ నియామకానికి ముందు నెలల్లోనే దెబ్బతిని ఉన్నాయని గమనించారు. అయితే అది బోర్డు సభ్యులకు సంబంధించిన అధ్యయనం. దానిని టెక్ సీఈఓలకు యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటే.

రెండవ జవాబు:
నియామకం ఎప్పుడు జరిగిందన్న దానికన్నా, ఆ తరువాత బోర్డు ఎంత ఓపిక పట్టిందన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. లీసా సు 2014 అక్టోబరులో చిప్‌ల కంపెనీ ఏఎండీకి సీఈఓ అయ్యేనాటికి షేరు ధర నాలుగు డాలర్లు కూడా లేదు. మరుసటి ఏడాది నష్టం 66 కోట్ల డాలర్లు. అప్పటికే పని మొదలైన ఏఎండీ కొత్త చిప్ ‘జెన్’ ప్రాసెసర్ 2017లో గానీ మార్కెట్లోకి రాలేదు. చిప్ రూపకల్పనకు ఏళ్లు పడుతుందని తెలిసిన బోర్డు కనుక నిలబడింది. బార్ట్జ్‌నైతే మూడేళ్లు నిండకుండానే ఫోన్‌లో తొలగించారు. జిరాక్స్‌లో దాదాపు 1,700 కోట్ల డాలర్ల అప్పు నెత్తిన పడిన ఆన్ ముల్కాహీ, దివాలా తీయమన్న సలహాను తోసిపుచ్చి కంపెనీని గట్టెక్కించి, 2009లో సీఈఓ బాధ్యతను అర్సులా బర్న్స్‌కు అప్పగించారు. ముల్కాహీ 1976 నుంచీ అక్కడే పనిచేసిన మనిషి అన్నది మరువరాదు.

ప్రశ్న అడిగినవారు:
మరి మేయర్‌కు దాదాపు ఐదేళ్లు దొరికాయి కదా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
నిజమే, వ్యవధి ఒక్కటే చాలదు. అప్పటికి యాహూ విలువలో పెద్ద భాగం చైనా ఈ-కామర్స్ కంపెనీ అలీబాబాలో ఉన్న వాటాదే. అసలు వ్యాపారం 2017లో సుమారు 448 కోట్ల డాలర్లకు అమెరికా టెలికాం కంపెనీ వెరిజాన్ పాలయింది. ఇక్కడ మరొకటి కూడా చూడాలి. మేయర్‌కు ముందు అదే కుర్చీలో కూర్చున్న స్కాట్ థామ్సన్, తనకు లేని కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తన వివరాలలో కనిపించిందన్న వివాదంతో నాలుగు నెలలకే వెళ్లిపోయారు. ఆ ఉదంతాన్ని మగవారి సమర్థతకు ముడిపెట్టిన విశ్లేషణ ఒక్కటీ నా కంటబడలేదు.