డ్వెమర్లు తమంతట తామే మాయమయ్యారా, వాళ్ళను ఎవరైనా చంపేశారా?

పాతడిస్కు:
స్కైరిమ్ వీడియో గేమ్ ఆడి ఇక్కడికి వచ్చే కొత్తవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. అందుకే తెలిసినంత ఒకచోట పెడుతున్నాను. ఎల్డర్ స్క్రోల్స్ ప్రపంచంలో డ్వెమర్లు భూగర్భ నగరాలు కట్టుకున్న ఎల్ఫ్ జాతి. ఆవిరి యంత్రాలు, లోహపు సాలీళ్ళు, వేల ఏళ్ళు గడిచినా ఆగని పళ్ళచక్రాలు వాళ్ళవే. మొదటి యుగం 700లో, చైమర్ అనే ఎల్ఫ్‌లతో రెడ్ మౌంటెన్ కొండ దగ్గర యుద్ధం జరుగుతుండగా ఆ జాతి మొత్తం ఒక్క క్షణంలో కనబడకుండా పోయింది. అంతకుముందు వాళ్ళ ప్రధాన టోనల్ ఆర్కిటెక్ట్ (ధ్వనిశక్తితో పనిచేసే నిపుణుడు) కగ్రెనాక్, ఆ కొండ కింద దొరికిన లోర్కాన్ దేవుడి గుండె నుంచి శక్తిని తీయడానికి మూడు పనిముట్లు చేశాడు: సండర్ అనే సుత్తి, కీనింగ్ అనే కత్తి, వాటిని పట్టుకోవడానికి రేత్‌గార్డ్ అనే చేతితొడుగు. ఆ శక్తితో న్యూమిడియం అనే లోహపు దేవుణ్ణి నిలబెట్టాలనుకున్నాడు. గుండె మీద పనిముట్లు ప్రయోగించగానే అందరూ పోయారు. తెలిసి చేశారో, తెలియక చేశారో కానీ వాళ్ళ చేతులతో వాళ్ళు చేసుకున్నదే. 2002లో ఇదే వరుసలో మోరోవిండ్ ఆట వచ్చినప్పటి నుంచి నా మాట ఇదే.

మంచుకోన:
పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దేవుడి గుండెను యంత్రంలో బిగించాలనుకున్నవాళ్ళకు ఇంకేం జరుగుతుంది?

ఎర్రకొండ:
పాతడిస్కు గారూ, కగ్రెనాక్ పనిముట్లు ప్రయోగించాడని మీకు ఎవరు చెప్పారు? వివెక్ చెప్పాడు. ఆ వివెక్ ఎవరు? యుద్ధంలో డ్వెమర్లకు ఎదురుగా నిలిచిన చైమర్ల పెద్దల్లో ఒకడు. తరువాత అదే గుండె శక్తిని వాడుకుని దేవుడైనవాడు. పైగా కొండ లోపల జరిగింది తన కళ్ళతో చూశానని కూడా అనడు, చైమర్ల సేనాని నెరెవార్ తనతో చెప్పాడంటాడు. ఆ నెరెవార్ బతికి లేడు.

ఇంకో కథనం ఉంది. ఆష్‌ల్యాండర్లనే సంచార తెగల నోట నిలిచినది, వివెక్‌ను పూజించే టెంపుల్ తన రహస్య గ్రంథాల్లో దాచిపెట్టినది. అందులో పనిముట్లు పట్టుకున్నది కగ్రెనాక్ కాదు, నెరెవార్. అజురా అనే దేవత నేర్పితే గుండె శక్తిని డ్వెమర్ జాతి నుంచి విడగొట్టాడు. బయట యుద్ధభూమిలో నిలబడినవాళ్ళు నిలబడినచోటే దుమ్మైపోయారు. ఇది ప్రమాదం కాదు. యుద్ధంలో ఒక జాతిని తుడిచిపెట్టడం. ఒకే సంఘటనకు రెండు సాక్ష్యాలు ఉంటే, దేవుడిగా పూజలందుకుంటున్నవాడు చెప్పినదాన్నే మనం ఎందుకు నమ్మాలి?

గంటస్తంభం:
దుమ్మైతే ఆ దుమ్ము ఏదీ? స్కైరిమ్‌లో ఇన్ని శిథిలాలు తిరిగాను. దోచుకోవడానికి వచ్చి చచ్చినవాళ్ళ ఎముకలే కనిపించాయి తప్ప డ్వెమర్ల జాడ లేదు.

ఎర్రకొండ:
స్కైరిమ్ కథ నాలుగో యుగం 201లో జరుగుతుంది. యుద్ధం మొదటి యుగం 700లో. మధ్యలో మూడు వేల ఏడు వందల ఏళ్ళకు పైగా గడిచాయి. దుమ్ము అంతకాలం ఉంటుందా?

గంటస్తంభం:
పళ్ళచక్రాలు ఉన్నాయి కదా. గిన్నెలు, చెంచాలు ఉన్నాయి.

ఎర్రకొండ:
గిన్నెలు లోహంతో చేసినవి.

నిద్రలేని_మంత్రగాడు:
దుమ్ము సంగతి పక్కన పెట్టండి. మోరోవిండ్ శిథిలాల్లో డ్వెమర్ల దయ్యాలు తిరుగుతాయి, వాటితో అందరం పోరాడాం. జాతి మొత్తం న్యూమిడియం ఒంటి చర్మంగా మారిపోయిందనే సిద్ధాంతం ఒకటి అభిమానుల్లో బాగా ప్రచారంలో ఉంది. అదే నిజమైతే ఈ దయ్యాలు ఎవరివి?

పాతడిస్కు:
యుద్ధానికి ముందే చనిపోయినవాళ్ళవి కావచ్చు. చర్మం సిద్ధాంతం చాలావరకు ఆట బయటి రాతల మీద పెరిగింది. ఆటలో కనిపించేదే నాకు సాక్ష్యం. అలాంటి సాక్ష్యం స్కైరిమ్‌లో ఒకటుంది. వింటర్‌హోల్డ్ కళాశాలలో అర్నియల్ గేన్ అనే పండితుడు ఆనాడు జరిగినదాన్ని చిన్న ఎత్తున మళ్ళీ చేసి చూస్తాడు. గుండెకు బదులు ఆత్మలను బంధించే సోల్ జెమ్ అనే రాయిని డ్వెమర్ యంత్రాల్లో వేడి చేయించి, కీనింగ్ తెప్పించి దాన్ని పొడుస్తాడు. మన కళ్ళ ముందే మాయమవుతాడు. శవం లేదు, దుమ్ము లేదు. ఆ తరువాత అతని నీడను మనం మంత్రంతో పిలిపించుకోగలం. పనిముట్టు పట్టుకున్నవాడే పోయాడు, అజురా ప్రమేయం లేదు. దీన్ని మించిన రుజువు ఇంకేం కావాలి?

ఎర్రకొండ:
దాంతో రుజువైంది ఒక్కటే: పనిముట్టు పట్టుకున్నవాడు పోతాడని. రెడ్ మౌంటెన్ దగ్గర పోయింది పనిముట్టు పట్టుకున్నవాడొక్కడేనా? అర్నియల్‌తో పాటు అతని బ్రెటన్ జాతి మొత్తం మాయం కాలేదు కదా. ఆ కళాశాలలో పక్క గదిలో ఉన్నవాళ్ళకు కూడా ఏమీ కాలేదు.

పాతడిస్కు:
సోల్ జెమ్‌కూ దేవుడి గుండెకూ తేడా లేదా? అందుకే చిన్న ఎత్తున అన్నాను.

మంచుకోన:
దీని మీద మంచి వీడియో ఒకటి వచ్చింది, లక్షల మంది చూశారు. రెండు కథనాలనూ వరుసగా పోల్చి, చివరికి డ్వెమర్ల అహంకారమే వాళ్ళను ముంచిందని తేల్చాడు. ఎర్రకొండ గారు అది చూస్తే ఇన్ని ప్రశ్నలు ఉండవు.

ఎర్రకొండ:
ఆ వీడియోలో పోలిక నాది. ఇదే వేదికలో నేను రాసిన సుదీర్ఘ వ్యాసం నుంచి వాక్యం వాక్యం చదివాడు. వివెక్ స్వయంగా చూడలేదన్న అంశం, టెంపుల్ దాచిన పుస్తకం సంగతి, ఏ వరుసలో రాశానో ఆ వరుసలోనే ఉన్నాయి. నా పేరు లేదు. సందేశం పంపితే జవాబు లేదు. అంతకన్నా బాధ ఏమిటంటే, చివరి భాగం కత్తిరించి నేను రాసినదానికి సరిగ్గా వ్యతిరేకమైన ముగింపు తగిలించాడు. ఇప్పుడు దాన్నే తెచ్చి, నేను చూసి నేర్చుకోవాలని మీరు నాకు చెబుతున్నారు. రాసినవాడు నోరు లేనివాడైతే అతని మాటలు ఎటైనా తిప్పుకోవచ్చన్నమాట. డ్వెమర్ల విషయంలో జరిగింది కూడా ఇదే. చెప్పుకోవడానికి ఒక్కరూ మిగలలేదు కాబట్టి అహంకారులని ముద్ర వేసి పుస్తకం మూసేశారు.

వెండిగొడ్డలి:
ఆ వ్యాసం నాకు గుర్తుంది, ఎర్రకొండ గారిదే. ఆ వీడియో కింద నేను కూడా వ్యాఖ్య రాశాను. తీసేశారు.

మంచుకోన:
వీడియో ఎవరిదైతే నాకేం? ముగింపు సరైనదా కాదా అన్నదే నాకు కావాలి. మీ వ్యాసం దొంగతనానికి గురైనంత మాత్రాన డ్వెమర్లు అమాయకులైపోరు.

ఎర్రకొండ:
మీరు మోరోవిండ్ ఆడారా? ఒక్క గంటైనా ఆడారా?

మంచుకోన:
ఆడలేదు. స్కైరిమ్‌తో మొదలుపెట్టాను. అది నేరమా? ప్రతి చర్చలో ఇదే ప్రశ్న. పాత ఆట ఆడినవాళ్ళే మాట్లాడాలంటే ముందే బోర్డు పెట్టండి, మేం రాము.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. విషయం మీద ఉండండి.

పాతడిస్కు:
విషయానికి వద్దాం. మిగిలినవాడు ఒకడున్నాడు: యాగ్రమ్ బగార్న్. మోరోవిండ్‌లో దివైత్ ఫిర్ అనే మాంత్రికుడి గోపురం కింద, కార్ప్రస్ రోగంతో ఒళ్ళు ఉబ్బిపోయి, సాలీడు కాళ్ళ యంత్రం మీద కూర్చుని ఉంటాడు. కగ్రెనాక్ దగ్గర పనిచేసినవాడు. ఆ రోజు వేరే లోకంలో ఉన్నాడు, తిరిగి వచ్చేసరికి తనవాళ్ళు ఎవరూ లేరు. అతని మాట వినండి. కగ్రెనాక్ జాతికి అమరత్వం సాధించి అందరినీ మరో లోకానికి తరలించి ఉండవచ్చు, లేదా పొరబడి అందరినీ నాశనం చేసి ఉండవచ్చు అంటాడు. రెండింట్లోనూ చేసినవాడు కగ్రెనాకే. డ్వెమర్ నోటి నుంచే వచ్చిన సాక్ష్యం ఇది.

ఎర్రకొండ:
అతను అక్కడ లేడు. కాబట్టి అది సాక్ష్యం కాదు, ఊహ. కానీ వివెక్ అదే ఆటలో ఇంకో మాట అంటాడు, దాన్ని ఎవరూ ఎత్తరు. డ్వెమర్లు ఏమయ్యారో తనకు తెలియదంటాడు. వాళ్ళు ఎక్కడైనా ఉన్నా కలుసుకోవడానికి తనకు తొందర లేదంటాడు. తమ గతికి డన్మర్లే (అప్పటి చైమర్లే) కారణమని వాళ్ళు అనుకుంటే అందులో కొంత న్యాయం ఉందని కూడా ఒప్పుకుంటాడు. చేతికి రక్తం అంటనివాడు ఆ మాట ఎందుకంటాడు?

నిద్రలేని_మంత్రగాడు:
యాగ్రమ్ సంగతే అజురా కథనానికి అడ్డం. అజురా ఉండేది ఆబ్లివియన్‌లో, అంటే ఈ లోకానికి బయట. ఆమె పగబట్టి జాతి మొత్తాన్ని ఏరి ఉంటే, బయటి లోకాల్లో తిరుగుతున్న యాగ్రమ్ ఆమెకు అందరికన్నా దగ్గరలో ఉన్నాడు. అతన్నే ఎలా వదిలేసింది? మనుషులు బతికే ఈ లోకం వరకే పరిమితమైన ప్రయోగం ఏదో జరిగింది, దాని హద్దు దాటి ఉన్నవాడు మిగిలాడు. ఇది పగ తీర్చుకున్నట్టు లేదు, యంత్రం పనిచేసిన తీరులా ఉంది.

ఎర్రకొండ:
అజురా చేసిందని ఆ పుస్తకం అనదు. ఆమె నేర్పింది, చేసింది నెరెవార్. పనిముట్లు ఎవరి చేతిలో ఉన్నా ఒకేలా పనిచేస్తాయి.

గంటస్తంభం:
అప్పుడు పుస్తకంలో దుమ్ము యుద్ధభూమిలోనే కనబడింది. మిగతాచోట్ల వాళ్ళు ఏమయ్యారో అందులో లేదు.

వెండిగొడ్డలి:
మళ్ళీ దుమ్ము దగ్గరికే వచ్చాం.

మంచుకోన:
నేను ఇంత సేపు ఓపిక పట్టాను. ఇన్ని సమాధానాల్లో ఒక్కరైనా ఫాల్మర్ల పేరెత్తారా? నార్డులనే మనుషులు తరిమితే దిక్కులేక కిందికి దిగి ఆశ్రయం అడిగిన మంచు ఎల్ఫ్‌లు వాళ్ళు. డ్వెమర్లు పెట్టిన షరతు ఏమిటి? విషపు పుట్టగొడుగులు తినాలి. అవి తిని చూపు పోయింది. ఆ తరువాత బానిసత్వం. తరతరాలు చీకట్లో బతికి, ఇప్పుడు బ్లాక్‌రీచ్ అనే భూగర్భ గుహలో మనం బాణాలు వేసి చంపే మృగాలయ్యారు. స్కైరిమ్ అదనపు భాగం డాన్‌గార్డ్‌లో గెలెబోర్ అనే నైట్ ఆ గతం చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఆ ఫాల్మర్లు తిరగబడి ఏళ్ళ తరబడి డ్వెమర్లతో పోరాడారు. ఒకరోజు చూస్తే శత్రువే లేడు. ఇప్పుడు మీరు ఆ శత్రువు కోసం శోకాలు పెడుతున్నారు. నోరు లేనివాళ్ళంటే ఫాల్మర్లు, ఎర్రకొండ గారూ. డ్వెమర్లు కాదు.

ఎర్రకొండ:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. వాళ్ళకు తగిన శాస్తి జరిగిందని మీరు నమ్మాలనుకుంటున్నారు. అందుకే వాళ్ళే చేసుకున్నారంటే మీకు హాయిగా ఉంది. ఫాల్మర్లకు జరిగింది ఘోరం, కాదనను. కానీ రౌర్కెన్ తెగ సంగతి చెప్పండి. చైమర్లతో పొత్తుకు ఒప్పుకోక, మిగతా డ్వెమర్లను వదిలి పశ్చిమాన హ్యామర్‌ఫెల్‌కు వెళ్ళి వోలెన్‌ఫెల్ కట్టుకున్నారు. రెడ్ మౌంటెన్ దగ్గర కగ్రెనాక్ ఏం చేస్తున్నాడో వాళ్ళకేం సంబంధం? వాళ్ళు కూడా అదే క్షణంలో పోయారు. వాళ్ళ పిల్లలు కూడా. ఆ పిల్లలు ఎవరికి పుట్టగొడుగులు తినిపించారు?

మంచుకోన:
శాస్తి అని నేను అనలేదు. వాళ్ళను బాధితులుగా నిలబెట్టడానికి మీరు ఎంచుకున్న కథనాన్ని ఒప్పుకోను అన్నాను. టెంపుల్ దాచింది కాబట్టి నిజం అనడం కూడా నమ్మకమే, సాక్ష్యం కాదు. దాచినవాళ్ళకు ఎంత స్వార్థం ఉందో, చెప్పుకున్న ఆష్‌ల్యాండర్లకూ అంతే ఉంది. నెరెవార్ వాళ్ళ వీరుడు, అజురా వాళ్ళ దేవత. తమ దేవత గెలిపించిందని చెప్పుకునే కథ అది.

ఎర్రకొండ:
గెలిచిన కథ చెప్పుకునేవాళ్ళు తమ వీరుడి చేత అంతమందిని దుమ్ము చేయించరు.

మంచుకోన:
చేయిస్తారు. గొప్పగా చెప్పుకుంటారు కూడా.

పాతడిస్కు:
ఒక్క విషయం మాత్రం చెబుతాను. ఈ ఆటలు చేసిన బెథెస్డా దీనికి ఇంతవరకు ఒకే జవాబు ఖాయం చేయలేదు. రెండు కథనాలనూ ఒకే ఆటలో పెట్టి, రెంటికీ సాక్షులను లేకుండా చేసింది. నాకు కగ్రెనాక్ వాదనే బలంగా కనిపిస్తుంది, అర్నియల్ క్వెస్ట్ వల్ల. ఎర్రకొండ గారు రౌర్కెన్‌ల గురించి అడిగింది న్యాయమైన ప్రశ్నే, కానీ దానివల్ల చేసినవాడు ఎవరన్నది మారదు.

వెండిగొడ్డలి:
నేను మోరోవిండ్ మొదటిసారి ఆడబోతున్నాను. ఈ యాగ్రమ్ ఎక్కడ ఉంటాడు? కథలో ముందుకు వెళ్ళేదాకా ఆగాలా?

పాతడిస్కు:
సాడ్రిత్ మోరా పట్టణానికి నైరుతిగా ఉన్న ద్వీపంలో టెల్ ఫిర్ అనే ఆ గోపురం ఉంటుంది. కథలో కార్ప్రస్ నయం చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఎలాగూ వెళతారు, ముందే వెళ్ళినా ఫరవాలేదు. కింద రోగులు మీద పడతారు. వాళ్ళను చంపకండి, దివైత్ ఫిర్‌కు నచ్చదు.

ఎర్రకొండ:
యాగ్రమ్‌తో మాట్లాడాక చివర్లో వివెక్‌తో కూడా డ్వెమర్ల గురించి అడగండి. ఇద్దరి మాటలూ విన్నాక వచ్చి చెప్పండి.

మంచుకోన:
తరువాత స్కైరిమ్‌లో గెలెబోర్‌తో కూడా మాట్లాడండి. ఆయన మాట వినకుండా తీర్పు చెబితే నేను ఒప్పుకోను.