అప్‌డేట్: బిగుసుకుపోయిన పెన్ సెనేటర్ రీలు తిరిగింది

మామయ్య ఇచ్చిన పాత పెన్ కంపెనీ రీలు (చేపల గాలం దారం చుట్టే చక్రం) మరలు కదలడం లేదని కిందటి నెల అడిగాను. తిరుపతిలో సముద్రపు రీలెందుకంటారా? ఆయన కృష్ణపట్నంలో పనిచేసిన రోజులనాటిది. 1936లో ఫిలడెల్ఫియాలో మొదలైన నమూనా.

మీరు చెప్పినట్టే కుట్టుమిషను నూనె వేసి మూడు రోజులు ఆగాను. ఒకటి తప్ప అన్ని మరలూ ఊడాయి. మొండికేసినదాన్ని గడియారాలు బాగుచేసే పెద్దాయన తీసిపెట్టి, డబ్బు వద్దన్నారు. లోపల ఉప్పు గడ్డకట్టి, ఇత్తడి పళ్లచక్రం పచ్చగా చిలుము పట్టింది. చింతపండుతో తోమమన్న అమ్మ మాటే నెగ్గింది! క్రోము పూత ఉన్న భాగాలకు మాత్రం పులుపు తగలనివ్వలేదు. పెళుసుబారిన డ్రాగ్ వాషర్ల (చేప లాగినప్పుడు దారం జారకుండా బిగువునిచ్చే బిళ్లల) స్థానంలో కార్బన్ ఫైబర్‌వి వేశాను.

నిన్న దారం లాగితే మోగే ఆ క్లిక్కర్ టకటకలు ఫోనులో వినిపిస్తే మామయ్య చాలాసేపు మాట్లాడలేదు.