విండోస్ 98ల పెన్‌డ్రైవ్ నడవాలంటె డ్రైవర్ ఎక్కియ్యాల్నా, హార్డ్‌డిస్కే పీకాల్నా?

మట్టెవాడ_డీటీపీ:
అందరికి నమస్తే. మాది వరంగల్ మట్టెవాడల చిన్న ప్రింటింగ్ ప్రెస్. బాపు ఇరవై ఏండ్ల సంది ఒకటే కంప్యూటర్ మీద పని చేస్తుండు, పెంటియం 3, విండోస్ 98, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, పాత తెలుగు ఫాంట్లు. పెండ్లి పత్రికలు, బిల్ బుక్కులు, మేడారం జాతర పోస్టర్లు అన్నీ దాంట్లనే. ఇన్నొద్దులు ఫ్లాపీల మీద నెట్టుకొచ్చిండు, ఇప్పుడు ఫ్లాపీలు దొరుకుతలేవు, ఉన్నయేమో బూజు పట్టినయ్. వెనుక రెండు యూఎస్‌బీ పోర్టులున్నయ్ గని కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితె డ్రైవర్ డిస్క్ పెట్టు అంటది. పెన్‌డ్రైవ్‌తోని డిస్క్ ఎవడిచ్చిండు మనకు? ఏం జేయాలె చెప్పుండ్రి.

పాతపీసీ_పిచ్చోడు:
తమ్మీ ముందుగాల మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడు. 4.10.1998 అని ఉంటె ఫస్ట్ ఎడిషన్, 4.10.2222 ఏ అని ఉంటె సెకండ్ ఎడిషన్. సెకండ్ ఎడిషన్ అయితె నీ పని అయినట్టే. 98ల అన్ని పెన్‌డ్రైవ్‌లకు పనికొచ్చే డ్రైవర్ లేదు, అప్పట్ల ఏ కంపెనీ పెన్‌డ్రైవ్‌కు ఆ కంపెనీ డ్రైవర్ ఎక్కియ్యాల్సి ఉండె. ఆ డ్రైవర్ లోపలనే పెట్టి ఇచ్చింది 2000ల వచ్చిన విండోస్ ఎంఈ, విండోస్ 2000 కాన్నుంచి. తర్వాత ఎవరో పుణ్యాత్ములు ఆ ఫైల్స్ కూర్చి 98 సెకండ్ ఎడిషన్ కోసం ఎన్‌యూఎస్‌బీ అని ఒక ప్యాకేజీ చేసిండ్రు, 3.3 వెర్షన్ వాడు. సీడీ రాసుకొని పోయి ఎక్కియ్యి. దానికంటె ముందు డివైస్ మేనేజర్ల పాత పెన్‌డ్రైవ్ డ్రైవర్లు, యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ ఉంటె అది, పసుపు రంగు క్వశ్చన్ మార్క్ ఉన్నయి అన్నీ తీసెయ్యి. అది చెయ్యకుంట ఎక్కిచ్చి తర్వాత నన్ను తిట్టొద్దు.

జనగామ_అక్క:
64 జీబీ అంటున్నవ్, అది ఏ ఫార్మాట్ల ఉన్నది తమ్మీ?

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
ఆ మిషన్ల ఏమీ ఎక్కియ్యకు. చెప్తున్న ఇను. ఇరవై ఏండ్ల డాటా ఉన్న డబ్బాల ఎవడో ఊరు పేరు లేనోడు చేసిన డ్రైవర్ ఎక్కిస్తవా? 98కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ బందయిందే 2006 జూలైల. బ్లూ స్క్రీన్ వస్తె ఎవన్ని అడుగుతవ్? రెండు స్క్రూలు తీసి హార్డ్‌డిస్క్ బయటికి తీయ్, పాత డిస్కును యూఎస్‌బీకి కలిపే ఐడీఈ టు యూఎస్‌బీ కేబుల్ దొరుకుతది, దాని తోని వచ్చే కరెంట్ అడాప్టర్ కూడ పెట్టాలె, పెద్ద డిస్కుకు 12 వోల్టులు కావాలె గద, ఒట్టి యూఎస్‌బీ కరెంటుతోని తిరగదు. కొత్త ల్యాప్‌టాప్‌కు పెట్టు, ఎఫ్ఏటీ 32 అనే ఫార్మాట్ కాబట్టి ముట్టంగనే కనబడ్తది, మొత్తం కాపీ కొట్టు. అరగంట పని.

చౌరస్తా_చాయ్:
మా దగ్గర ఫ్లాపీలు పెట్టి చాయ్ కప్పుల కింద వేసుకుంటున్నరు 😀

పాతపీసీ_పిచ్చోడు:
డాక్టర్ సాబ్, ఇరవై ఏండ్లు ఒకటే తీరుగ పడుకున్న డిస్కును పీకి, తలకిందులు చేసి, బల్ల మీద పెట్టి తిప్పుతవా? రోజూ తిరిగిన డిస్క్ ఒకసారి చల్లబడితె మళ్ళ తిరగకుంట మొండికేసుడు నా కండ్లతోని చూసిన. ఊరు పేరు లేదంటున్నవ్, ఆ డ్రైవర్ వేల మంది వాడిండ్రు, నేనే మూడు మిషన్లల ఎక్కిచ్చిన.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
వాళ్ళ బాపు రోజూ రాత్రి బంద్ చేసి పోతడు గద, చల్లబడక వేడిగ ఉంటదా? మూడు మిషన్లకే నువ్వు ఇంజనీర్‌వు అయినవా? నా బాధ ఏందో నీకు తెల్వదు. మా అక్క పెండ్లి ఫొటోలు, మా తాత ఉన్న ఆఖరి ఫొటోలు ఒక సిస్టంల ఉండె. ఒక షాపాయన డ్రైవర్ పడ్తలేదని నన్ను అడగకుంటనే విండోస్ మళ్ళ ఎక్కిచ్చిండు, ఫార్మాట్ కొట్టి. పోయినయ్. ఒక్కటి మిగల్లే. మా అమ్మ ఇప్పటికీ తాత ఫొటో ఏది రా అని అడుగుతది. అందుకే చెప్తున్న, ముందు కాపీ, తర్వాత ఏదన్న.

ఎనుమాముల_కాంటా:
మా కాంటా కంప్యూటర్ విండోస్ ఎక్స్‌పీ, దానికి పెన్‌డ్రైవ్ పెడ్తె ఏ లొల్లి లేదు గని మార్కెట్ల ఎవరిది పెట్టినా వైరస్సే. ఒక మిర్చి సీజన్ల ఫోల్డర్లు అన్నీ షార్ట్‌కట్లు అయినయ్. 98కి పెన్‌డ్రైవ్ లేకపోవుడే మంచిగున్నది అనిపిస్తది.

మట్టెవాడ_డీటీపీ:
చూసిన అన్నా, 4.10.2222 ఏ. డిస్క్ 20 జీబీ, డాటా 2 జీబీ చిల్లర. నిన్న రాత్రి ఎన్‌యూఎస్‌బీ ఎక్కిచ్చిన, రీస్టార్ట్ అయింది, పెన్‌డ్రైవ్‌కు ఎఫ్: అని లెటర్ కూడ వచ్చింది గని మీద నొక్కితె ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతది.

పాతపీసీ_పిచ్చోడు:
లెటర్ వచ్చిందంటె డ్రైవర్ పని చేసినట్టే. నేను చెప్పిన.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
ఏం పని చేసింది? ఫార్మాట్ అడుగుతుంది అంటుండు గద! ఎస్ కొట్టకు తమ్మీ, ఏ డ్రైవ్ పోతదో ఏమో!

జనగామ_అక్క:
అయ్యో నేను మొదలే అడిగిన. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఎక్కువ శాతం ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌తోని వస్తయ్. 98కి ఎక్స్‌ఫ్యాట్ తెల్వదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ తెల్వదు, పాత ఎఫ్ఏటీ తప్ప ఇంకొకటి చదవదు. ఇంట్ల పాత 8 జీబీదో 16 జీబీదో ఉంటె కొత్త ల్యాప్‌టాప్‌ల ఎఫ్ఏటీ 32గ ఫార్మాట్ చేసి పెట్టు.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
అయినా దాంతోని ఏం లాభం? ఆ పోర్టు యూఎస్‌బీ 1.1 అయి ఉంటది, 12 మెగాబిట్లు, సెకండ్‌కు ఒక ఎంబీ కూడ కష్టం. రెండు జీబీకి ముప్పావు గంట. డిస్క్ పీకితె చాయ్ తాగెలోపు అయిపోతది. ఆ డబ్బాను ఇంకా బతికిచ్చుడు ఎందుకు?

పాతపీసీ_పిచ్చోడు:
గదీ! ఇప్పుడు బయటపడ్డది. నీకు డాటా కాదు, ఆ మిషనే ఉండొద్దు. ఆ ఫైల్స్ కొత్త ల్యాప్‌టాప్‌ల తెరిచి చూడు, ఏం కనబడ్తదో. అవి ఇప్పుడు అన్ని ఫోన్లల నడిచే యూనికోడ్ తెలుగు కాదు సారూ, పాత ఫాంట్ల ఒక్కో ఇంగ్లీష్ గుర్తు కాడ ఒక్కో తెలుగు ముక్క కూసున్నది. ఫాంట్ లేకపోతె "చి.ల.సౌ." పోయి స్లాష్‌లు, డాలర్లు కనబడ్తయ్. ఆ ఫాంట్ సాఫ్ట్‌వేర్‌కేమో ప్రింటర్ పోర్టుల పెట్టే లాక్ ముక్క ఉంటది, అది లేకుంట నడవదు, నీ కొత్త ల్యాప్‌టాప్‌కు ప్రింటర్ పోర్టు ఉన్నదా? ఆ మిషన్ లేకపోతె ఆ రెండు జీబీ ఒట్టి చెత్త.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
పీడీఎఫ్‌లు చేసి పెట్టుకోమను. ఎవడు మళ్ళ 2003ల పెండ్లి పత్రిక దిద్దుతడు?

పాతపీసీ_పిచ్చోడు:
దిద్దుతడు! ఆ పెండ్లి పిల్ల బిడ్డకే ఇప్పుడు పెండ్లి అయితది, పాత పత్రిక తెరిచి పేర్లు, ముహూర్తం మారిస్తడు, బటర్ పేపర్ మీద ప్రింట్ తీస్తడు. ప్రెస్సుల ఒక్కరోజు కూసున్నోనికి తెలుస్తది. నువ్వు రికవరీ దుకాణం పెట్టుకొని లోకమంతా పోయిన డాటా లెక్కనే చూస్తున్నవ్.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
దుకాణం మాట ఎందుకు తెస్తున్నవ్? నేను ఒక్క రూపాయ అడిగిన్నా? తమ్ముడే చెప్పని, వాళ్ళకు ఏం కావాల్నో. ఇరవై పోస్టులైనయ్, అడిగినోడు నోరు తెరుస్తలేడు.

మట్టెవాడ_డీటీపీ:
సరే చెప్త. దసరా తర్వాత షట్టర్ ఖాళీ చేస్తున్నం. ఓనర్ కిరాయి పెంచిండు, పత్రికలన్నీ వాట్సాప్‌ల వస్తున్నయ్, నెలకు పది ఆర్డర్లు కూడ లేవు. నాకు డాటా మొత్తం కావాలె, మిషన్ పాత సామానోనికి ఇద్దామనుకున్న. బాపుకు ఇంకా చెప్పలే. బాపు అడిగింది వేరే, ఒక్కో ఫైల్ పెన్‌డ్రైవ్ల ఏసుకొని హన్మకొండల ఆఫ్‌సెట్ వాళ్ళకు ఇచ్చి రావాలె, ఫ్లాపీ వాళ్ళు తీసుకుంటలేరు అని.

చౌరస్తా_చాయ్:
అరె...

పాతపీసీ_పిచ్చోడు:
మరి మమ్ముల గింత సేపు ఎందుకు కొట్లాడనిచ్చినవ్? పని చేసే మనిషి పని చేసుకునేందుకు పెన్‌డ్రైవ్ అడిగిండు, నువ్వు మూసేటందుకు అడిగినవ్. ముందే చెప్తె నేను సీడీ రాయమని చెప్పకపోదును.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
ఇంట్ల సంగతి మనకెందుకు, కిరాయి నువ్వు కడ్తవా? గని తమ్మీ, ఆయనకు చెప్పకుంట డిస్క్ పీకకు. ఈ మాట నేనే అంటున్న. నన్ను అడగకుంట చేసిన పనికి నేను ఇప్పటిదాంక ఏడుస్తున్న.

జనగామ_అక్క:
మిషన్‌కు షట్టరే కావాల్నని ఏం లేదు గద. ఇంట్ల ఒక బల్ల మీద పెట్టుండ్రి. నెలకు పది ఆర్డర్లయినా ఆయన చేతివే.

మట్టెవాడ_డీటీపీ:
అప్‌డేట్. పాత 8 జీబీది దొరికింది, అక్క చెప్పినట్టు ఎఫ్ఏటీ 32 చేసి పెట్టిన, నడిచింది. మొత్తం కాపీ అయ్యేసరికి గంట దాటింది, డాక్టర్ అన్న లెక్క కూడ తప్పింది. బాపు పక్కన కూసొని ఆ కాయిదాలు ఎగిరే బొమ్మనే చూసిండు. అన్ని ఎందుకు ఎక్కిస్తున్నవ్ రా, నాకు ఒక్క పత్రిక చాలు గద అన్నడు. అప్పుడు చెప్పిన షట్టర్ సంగతి. ఏం మాట్లాడలే, చాయ్ తాగొస్త అని పోయిండు. వచ్చినంక డబ్బాను తడిబట్టతోని తుడిచి, ఇంట్ల మెట్ల కింద ప్లగ్ ఉన్నదా అని అడిగిండు.

పాతపీసీ_పిచ్చోడు:
మెట్ల కింద తేమ ఉంటది, వద్దను. ఇంగ పెన్‌డ్రైవ్ పీకేటప్పుడు కింద మూలకు వచ్చే బొమ్మ మీద నొక్కి, ఆపినంకనే తియ్యుమను. 98 అట్లనే పీకితె ఊకోదు.

డిస్క్‌డాక్టర్_కరీంనగర్:
ఆ 8 జీబీది కూడ ఇంకో దాంట్ల కాపీ కొట్టు. ఇయ్యాలనే.